దాచేపల్లి ప్రాంతంలో స్థానిక పాలన, ప్రజల భాగస్వామ్యం

దాచేపల్లి ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో, కృష్ణా నదికి దక్షిణాన, నాగులేటి తీరాన ఉన్న పట్టణం. అదే పేరు గల మండలానికి కేంద్రం. పత్తి, మిరప పండే నల్లరేగడి చేలకూ, సున్నపురాయి గనులకూ, సిమెంటు కర్మాగారాలకూ నడుమనున్న ఈ ఊరు 2020 దాకా గ్రామ పంచాయతీగా ఉండి, ఆ ఏడాది జంక్షన్ స్టేషన్‌కు పేరుపడ్డ నడికూడితో కలిసి నగర పంచాయతీగా మారింది. పరిపాలనపరంగా ఇది గురజాల రెవెన్యూ డివిజన్‌లోను, గురజాల శాసనసభ నియోజకవర్గంలోను, నరసరావుపేట లోక్‌సభ నియోజకవర్గంలోను ఉంది. మండలంలోని పొందుగల, తంగెడ, గామాలపాడు, పెదగార్లపాడు, ముత్యాలంపాడు, కేసానుపల్లి వంటి ఊళ్లు మాత్రం గ్రామ పంచాయతీలుగానే మిగిలాయి. అందువల్ల ఒకే మండలంలో, ఒకే తహసీల్దారు కార్యాలయం పరిధిలో, రెండు వేర్వేరు చట్టాల కింద రెండు రకాల స్థానిక పాలన నడుస్తున్నది. చేను గట్టు ఇవతల ఉన్న రైతుకు గ్రామసభలో లేచి మాట్లాడే హక్కు ఉండగా, అవతల ఇల్లున్న రైతుకు ఆ సభే లేదు. ఈ ప్రాంతంలో పౌరుడు పాలనలో ఎంతవరకు పాలుపంచుకోగలడన్నది అతని చైతన్యం మీద కంటే అతని ఇల్లు ఏ హద్దు లోపల ఉందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

జిల్లా: ఒక పేరు, రెండు వ్యవస్థలు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి పరిచయమైన కౌంటీ ప్రభుత్వానికి ఇక్కడ దగ్గరగా కనిపించేది జిల్లా. అయితే పోలిక కొంత దూరమే నడుస్తుంది. అక్కడ పన్నులు, రోడ్లు, రికార్డులు, బడ్జెట్టు చాలావరకు ఎన్నికైన కౌంటీ మండలి చేతిలో ఉండి, ఆ మండలి బహిరంగ సమావేశాల్లో నివాసులు వంతులవారీగా కొద్ది నిమిషాలు మాట్లాడే ఆనవాయితీ విస్తృతంగా ఉంది. ఇక్కడ జిల్లాలో రెండు వ్యవస్థలు పక్కపక్కన నడుస్తాయి. మొదటిది రాష్ట్ర ప్రభుత్వం నియమించే కలెక్టరు, ఆయన కింద రెవెన్యూ డివిజినల్ అధికారి, తహసీల్దారు, గ్రామ రెవెన్యూ అధికారి వరకు దిగివచ్చే అధికార శ్రేణి. భూమి, రేషను, ఎన్నికల జాబితా, విపత్తు సాయం వంటివన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. రెండవది ప్రజలు ఎన్నుకునే గ్రామ పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు అనే మూడంచెల వ్యవస్థ. పట్టణాల్లో ఈ మూడంచెల స్థానంలో ఒక్క పురపాలక మండలి ఉంటుంది. సామాన్యుడి నోట ‘జిల్లా’ అన్న మాటకు కలెక్టరాఫీసు అనే అర్థమే స్థిరపడిపోవడం, ఈ రెంటిలో ఏది బలమైనదో చెప్పకనే చెబుతుంది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26గా విభజించినప్పుడు, 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లా నుంచి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా విడివడింది. కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు కార్యాలయాలు నరసరావుపేటకు రావడంతో దాచేపల్లి వాసులకు గుంటూరు దాకా పోయే శ్రమ తప్పింది. అయితే అప్పటికే ఎన్నికై ఉన్న జిల్లా పరిషత్తులను విభజించకుండా పాత 13 జిల్లాల ప్రాతిపదికనే కొనసాగించారు. దాంతో మండలంలోని గ్రామాల వారి జిల్లా అధికారులు నరసరావుపేటలో, వారు ఓటు వేసి ఎన్నుకున్న జిల్లా పరిషత్తు గుంటూరులో ఉండే వింత ఏర్పాటు మిగిలింది. సమీపంలోని ప్రకాశం జిల్లాకు కూడా ఇలాంటి విభజనలు కొత్త కావు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకున్న ఆ జిల్లా ప్రజలు కూడా ఒకప్పుడు కార్యాలయాలు మారినప్పుడల్లా దారులు మార్చుకున్నవారే.

చారిత్రక నేపథ్యం

ఈ ప్రాంతంలో ఆధునిక స్థానిక సంస్థలకు మూలం 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం. దాని కింద జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. 1920 నాటి చట్టం వాటిలో ఎన్నికైన వారి సంఖ్యను పెంచినా, ఓటు హక్కు ఆస్తి, పన్ను అర్హతలకు ముడిపడి ఉండడం వల్ల మిరప కోతకు, పత్తి తీతకు పోయే కూలీకి అందులో చోటు లేదు. గుంటూరు పురపాలక సంఘం 1866 నాటిది, నరసరావుపేటది 1915 నాటిది. పల్నాటి గ్రామాల్లో మాత్రం పాలన అంటే చాలా కాలం మునసబు, కరణాలే. వంశపారంపర్యంగా వచ్చిన ఆ పదవులను 1984లో రద్దు చేసేదాకా ఊరి లెక్క కరణం దస్త్రంలో, ఊరి కట్టుబాటు పెద్దల అరుగు మీద ఉండిపోయాయి.

ఎన్నికలకు బయట ప్రజలు స్థానిక పాలనను ప్రశ్నించిన ఘట్టాలు మాత్రం ఉమ్మడి గుంటూరు జిల్లాలో ప్రముఖంగా ఉన్నాయి. వాటిలో రెండు ఈ వ్యాస విషయానికి నేరుగా సంబంధించినవి. పల్నాడు అడవుల్లో పశువుల మేతపై వేసిన పుల్లరి అనే పన్నును నిరాకరించిన ఉద్యమం 1921–22లో సాగింది. దానికి నాయకత్వం వహించిన మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. రెండవది చీరాల–పేరాల ఉదంతం. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న ఆ జంట గ్రామాలను ప్రజల అభీష్టానికి విరుద్ధంగా పురపాలక సంఘంగా మార్చడంతో పన్ను భారం అనేక రెట్లు పెరిగింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం 1921లో ఇళ్లు విడిచి, పురపాలక హద్దుకు అవతల రామనగరమనే పాకల ఊరు కట్టుకొని నెలల తరబడి అక్కడే ఉన్నారు. పురపాలక సంఘపు చట్టం దాని హద్దు లోపలే చెల్లుతుంది కాబట్టి హద్దు దాటితే పన్ను లేదన్నది వారి తర్కం. గ్రామాన్ని పట్టణంగా ప్రకటించే అధికారం ఎవరిది, ఆ ప్రకటనకు ముందు ఊరి మాట ఎంతవరకు వినాలి అనే ప్రశ్న ఆనాడు చీరాలలో తలెత్తి, శతాబ్దం తరువాత దాచేపల్లి వంటి ఊళ్లలో నిశ్శబ్దంగా మళ్లీ ముందుకు వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత, బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో చేసిన సూచనల మేరకు, రాజస్థాన్ వెనుకనే ఆంధ్రప్రదేశ్ 1959 నవంబరు 1న పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించింది. అప్పటి సమితుల స్థానంలో 1986 నాటి చట్టం చిన్న పరిమాణం గల మండలాలను తెచ్చింది; దాచేపల్లి మండల కేంద్రం కావడం ఆ మార్పు ఫలితమే. రాజ్యాంగ 73, 74 సవరణలు 1993లో అమలులోకి వచ్చి, స్థానిక సంస్థలకు ఐదేళ్ల పదవీకాలాన్ని, రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని, రిజర్వేషన్లను తప్పనిసరి చేశాయి. వీటికి అనుగుణంగా వచ్చిన 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమే ఇప్పటికీ గ్రామాలకు ఆధారం. పట్టణాలకు 1965 నాటి పురపాలక చట్టం వర్తిస్తుంది. మహిళలకు రాజ్యాంగం మూడింట ఒక వంతు స్థానాలు చెప్పగా, రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులనే నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించింది.

గ్రామం పట్టణమైతే

నగర పంచాయతీ అనే మాటను రాజ్యాంగం ‘గ్రామం నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి’ ఉద్దేశించింది. పేరులో పంచాయతీ ఉన్నా చట్టం దృష్టిలో అది పురపాలక సంఘమే. దానికి వార్డు కౌన్సిలర్లు, వారు తమలో నుంచి ఎన్నుకునే ఛైర్‌పర్సన్, ప్రభుత్వం నియమించే కమిషనర్ ఉంటారు. గ్రామంలో సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు, ఆ పోటీ పార్టీ గుర్తుల మీద జరగదు. పట్టణంలో కౌన్సిలర్ల పోటీ పార్టీ గుర్తుల మీదే జరుగుతుంది, ఛైర్‌పర్సన్ ఎవరన్నది ఓటరు చేతిలో ఉండదు. ఎమ్మెల్యే, ఎంపీలు పదవిరీత్యా సభ్యులుగా ఉండి ఆ ఎన్నికలో ఓటు వేయగలగడం వల్ల, బలాబలాలు సరిసమానంగా ఉన్నచోట వారి ఓటే తీర్పవుతుంది.

దాచేపల్లి నగర పంచాయతీకి తొలి ఎన్నికలు 2021 నవంబరు 15న బ్యాలెట్ పత్రాలతో జరిగాయి. 20 వార్డుల్లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ 11, తెలుగుదేశం పార్టీ 7, జనసేన ఒకటి, స్వతంత్ర అభ్యర్థి ఒకటి గెలిచారు. అదే రోజు ఎన్నికలు జరిగిన ప్రకాశం జిల్లా దర్శి నగర పంచాయతీలో, అక్కడివీ 20 వార్డులే, 13 తెలుగుదేశానికి దక్కాయి. ఈ లెక్కలను ఇక్కడ చెప్పుకోవడానికి కారణం గెలుపోటములు కాదు. అదే ఏడాది మార్చిలో పొరుగునున్న మాచర్లలో 31 వార్డులూ, పిడుగురాళ్లలో 33 వార్డులూ ఏకగ్రీవమై, ఆ రెండు పట్టణాల్లో ఒక్క వార్డులో కూడా పోలింగ్ జరగలేదు. ఏకగ్రీవం అంటే ఒక స్థానానికి ఒక్క అభ్యర్థే మిగలడం. గ్రామ పంచాయతీల విషయంలో ప్రభుత్వం దీన్ని ప్రోత్సహించి, జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు నగదు పారితోషికాన్ని కూడా ప్రకటించింది. ఊళ్లో కక్షలు పెరగకుండా ఉండేందుకు ఇది మేలని వాదించేవారు పల్నాడులో ఎప్పుడూ ఉన్నారు, ఆ వాదనలో పూర్వానుభవం కూడా లేకపోలేదు. కానీ పోటీ లేని ఎన్నికలో ఓటరుకు మిగిలే పాత్ర ప్రేక్షకుడిదే. రాజీ కుదిరి అభ్యర్థి మిగిలాడా, భయంతో ఇతరులు తప్పుకున్నారా అన్నది రిటర్నింగ్ అధికారి ఇచ్చే ధ్రువపత్రం చెప్పదు. ఆ దృష్టితో చూస్తే, పదకొండు–ఏడు తేడాతో వాదప్రతివాదాలకు అవకాశమున్న మండలి ఏర్పడడం దాచేపల్లి ఓటరుకు దక్కిన చిన్న లాభం కాదు.

పట్టణ హోదా వల్ల వచ్చేవి, పోయేవి రెండూ ఉన్నాయి. కమిషనర్, ఇంజనీరింగు, పట్టణ ప్రణాళిక సిబ్బంది, పట్టణ పథకాల నిధులు వచ్చేవి. పోయే వాటి జాబితా కాస్త పొడవు. గ్రామసభ పోతుంది. మండల, జిల్లా పరిషత్తుల ప్రాదేశిక సభ్యులను ఎన్నుకునే ఓటు పోతుంది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచి మొదలైన ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే పరిమితమైనది కావడంతో, వేసవిలో మట్టిపనికి వెళ్లే కూలీకి జాబ్ కార్డు విలువ కోల్పోతుంది. ఇంటి పన్ను పురపాలక చట్టం కిందకు వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలోని పట్టణాల్లో ఈ పన్నును ఇంటికి వచ్చే అద్దె అంచనా మీద గాక, స్థలం, కట్టడాల మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఏటా 15 శాతానికి మించి పెంచరాదనే పరిమితి ఉంది. పన్ను ఎక్కువ పడిందనుకునే యజమాని నోటీసు అందాక రివిజన్ పిటిషన్ వేసుకోవచ్చు. చేలే ఆధారంగా బతుకుతూ, ఊరి మధ్య పెంకుటింట్లో ఉండే కుటుంబానికి పట్టణవాసి కావడమంటే ముందుగా చేతికందేది ఆ నోటీసే.

గ్రామసభ స్థానంలో పట్టణానికి రాజ్యాంగం చూపిన ప్రత్యామ్నాయం వార్డు కమిటీ. అయితే మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పురపాలికల్లోనే అది తప్పనిసరి. అంటే మహానగరానికి వార్డు కమిటీ, గ్రామానికి గ్రామసభ ఉండగా, మధ్యనున్న చిన్న పట్టణం ఖాళీగా మిగిలింది. దాచేపల్లి వాసికి నేరుగా మిగిలిన దారి తన వార్డు కౌన్సిలర్ ద్వారా సమస్యను మండలి అజెండాలోకి, అంటే చర్చించవలసిన అంశాల పట్టికలోకి, ఎక్కించుకోవడం. మండలి సమావేశాలను సాధారణంగా పౌరులు చూడవచ్చు కాని మాట్లాడలేరు. తీర్మానాల ప్రతులు అడిగి తీసుకోవచ్చు.

గ్రామసభ

మండలంలోని గ్రామాల్లో ప్రత్యక్ష భాగస్వామ్యానికి చట్టం కల్పించిన ప్రధాన వేదిక గ్రామసభ. పంచాయతీ ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ దానిలో సభ్యులే. సర్పంచి, వార్డు సభ్యులతో కూడిన పంచాయతీ కార్యవర్గం ఎన్నికైనది, గ్రామసభ ఎన్నిక అవసరం లేనిది. ఓటరు కావడమే దాని సభ్యత్వం. 1994 చట్టంలోని 6వ సెక్షన్ ఇది ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని చెబుతూ, వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గడిచిన ఏడాది పాలనా నివేదిక, రాబోయే పనుల కార్యక్రమం, కొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాలకు లబ్ధిదారుల ఎంపిక వంటివి దాని ముందుంచాలని నిర్దేశించింది. అయితే సభ చేసిన సూచనలను పంచాయతీ ‘పరిగణించాలి’ అని మాత్రమే చట్టం అన్నది, అమలు చేసి తీరాలనలేదు. దాని బలహీనత అక్కడే ఉంది.

2015 తరువాత గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అనే కొత్త పని గ్రామసభకు వచ్చింది. కేంద్ర ఆర్థిక సంఘం నిధులతో ఊరు ఏమి చేసుకోవాలో ఏడాదికి ఒకసారి ప్రణాళిక రాసి, సభ ఆమోదం పొంది, దేశవ్యాప్త పోర్టల్‌లో ఉంచాలి. పదిహేనవ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకే కట్టుబడి ఖర్చు చేయాలనే షరతు ఉండడంతో ఊరికి నిజంగా ఎంచుకునే స్వేచ్ఛ మిగతా 40 శాతానికే పరిమితమైంది. అయినా ఏ వీధిలో కాలువ ముందు, ఏ పల్లెకు పైపు ముందు అన్న వరుస నిర్ణయించేది ఇక్కడే కాబట్టి, సభకు రాని వీధి పని వెనకబడుతుంది. 1996లో కేరళ తన ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి గ్రామసభలతో ప్రణాళికలు రాయించిన ప్రయోగంతో పోలిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఇది షరతులకు లోబడిన భాగస్వామ్యమే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులపై తీర్మానాలు చేయించారు. గ్రామసభ అనే మాట చాలా కాలం తరువాత పత్రికల మొదటి పేజీకి ఎక్కిన సందర్భం అది. మిరప నాట్లు, పత్తి పైపాటు ముమ్మరంగా ఉండే రోజుల్లో సభ పగటిపూట పెడితే కూలీలు, స్త్రీలు రాలేరన్నది ఈ మెట్ట ప్రాంతంలో అందరికీ తెలిసిన విషయమే. సభ తేదీని చట్టం చూస్తుంది గాని పంట కాలాన్ని చూడదు.

గ్రామసభకు సమీపమైన, దానికంటే పదునైన మరొక ప్రక్రియ సామాజిక తనిఖీ. ఉపాధి హామీ పనుల్లో హాజరు పట్టీలను, చెల్లింపులను గ్రామస్థుల ముందు చదివి వినిపించి, పని చేసినవారి నోట నిజానిజాలు తేల్చి, చివరికి మండల కేంద్రంలో ‘ప్రజావేదిక’ పేరుతో బహిరంగ విచారణ జరపడం దీని పద్ధతి. 2006లోనే దీన్ని ప్రారంభించి, 2009లో ప్రభుత్వ యంత్రాంగానికి కొంత ఎడంగా ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో దీనికి ఒరవడి దిద్దింది. కాగితం మీద పేరున్న కూలీ తాను ఆ పనికే పోలేదని అధికారి ఎదుట చెప్పడం ఒక ఊరి పాలనలో మామూలు సంఘటన కాదు. వసూళ్లు తరువాత ఎంతమేర జరిగాయన్నది వేరే చర్చ.

మండల, జిల్లా పరిషత్తులు

గ్రామాల ఓటర్లు మండల ప్రాదేశిక సభ్యుణ్ని, జిల్లా ప్రాదేశిక సభ్యుణ్ని కూడా ఎన్నుకుంటారు. వాడుకలో వీరిని ఎంపీటీసీ, జెడ్పీటీసీ అంటారు. ఈ స్థానాలకు 2021 ఏప్రిల్ 8న పోలింగ్ జరిగినా, న్యాయస్థానంలో వివాదం వల్ల ఓట్ల లెక్కింపు సెప్టెంబరు 19 దాకా ఆగింది. జిల్లా పరిషత్తు ఏడు స్థాయీ సంఘాల ద్వారా పని చేస్తుంది. సర్వసభ్య సమావేశాల్లో శాఖల అధికారులను సభ్యులు ప్రశ్నిస్తారు, ఓటర్లు తమ ప్రశ్నను సభ్యుని ద్వారానే పంపాలి. గ్రామాలు, పట్టణాల ప్రణాళికలను జోడించవలసిన జిల్లా ప్రణాళికా సంఘం గురించి రాజ్యాంగం ప్రత్యేకంగా చెప్పింది, 2005లో రాష్ట్రం చట్టం కూడా చేసింది. ఆచరణలో జిల్లా ప్రాధాన్యాలు కలెక్టరేటులోను, మంత్రి అధ్యక్షతన జరిగే సమీక్షా సమావేశాల్లోను తేలిపోతాయి.

సచివాలయం, సోమవారపు అర్జీ

2019 అక్టోబరు 2న రాష్ట్రమంతటా పదిహేను వేలకు పైగా గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ధ్రువపత్రాలు, పింఛన్లు, రేషను కార్డులు, పట్టాదారు సేవలు ఊరి గడప దాకా రావడం సామాన్యునికి పెద్ద వెసులుబాటు. గ్రామాల్లో ప్రతి 50 ఇళ్లకు ఒకరి చొప్పున వాలంటీర్లను నియమించి, వారికి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. 2024 జూలై నుంచి పింఛన్ల పంపిణీని వాలంటీర్లకు బదులు సచివాలయ ఉద్యోగులే చేస్తున్నారు. ఈ వ్యవస్థ సేవను దగ్గర చేసింది గాని అధికారాన్ని దగ్గర చేయలేదు. సచివాలయ సిబ్బంది ప్రత్యేక రాష్ట్ర శాఖ కిందివారు కావడంతో, ఊరు ఎన్నుకున్న సర్పంచికి వారిపై ఎంత అజమాయిషీ ఉందన్న వివాదం మొదటినుంచీ ఉంది.

అర్జీల విషయంలో పేరు పలుమార్లు మారింది. 1995లో ‘ప్రజల వద్దకు పాలన’, 1997లో ‘జన్మభూమి’, తరువాత ‘ప్రజాపథం’, ‘రచ్చబండ’, ‘మీ కోసం’, ‘స్పందన’, 2024 నుంచి ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’. ఇప్పటి పద్ధతి ఇది. సోమవారం ఉదయం కలెక్టరేటులో జిల్లా అధికారులు వరుసగా కూర్చుంటారు, అర్జీదారులు వచ్చి కాగితం ఇస్తారు, దానికి సంఖ్య వేసి సంబంధిత శాఖకు పంపుతారు. డివిజన్, మండల స్థాయిల్లోనూ ఇది జరుగుతుంది కాబట్టి దాచేపల్లి వాసి ప్రతి దానికీ నరసరావుపేట దాకా పోనవసరం లేదు. భూమి సర్వే, పాసు పుస్తకం, సరిహద్దు తగాదా, దారి ఆక్రమణ, పింఛను ఆగిపోవడం వంటివి తరచుగా ఈ కాగితాల్లోకి ఎక్కే విషయాలు. వ్యక్తిగత కష్టానికి ఇది సరైన దారే. కానీ అర్జీకీ భాగస్వామ్యానికీ తేడా ఉంది. అర్జీలో పౌరుడు ఒంటరిగా అడుగుతాడు, అధికారి ఇస్తాడు లేక ఇవ్వడు. ఊరందరి ముందు చర్చించి తీర్మానం చేయవలసిన కాలువ పూడిక కూడా అర్జీగా మారిపోతే గ్రామసభకు పని తగ్గుతుంది. అర్జీ ఏ దశలో ఉందో సంఖ్య ద్వారా తెలుసుకోవచ్చు; పరిష్కారం కాకుండానే ‘పరిష్కృతం’ అని ముగించినట్లు కనిపిస్తే తిరిగి తెరిపించమని కోరవచ్చు.

పాలనా సమాచారం చేరే దారులు

ఒకప్పుడు ఈ ఊళ్లలో పాలనా వార్త టముకుతో వచ్చేది. శిస్తు గడువు, కాలువ నీటి విడుదల, పశువుల టీకాలు, ఊరి సభ వంటివన్నీ వీధివీధినా డప్పు కొట్టి చాటేవారు. గ్రామసభకు చాటింపు వేయించే ఆచారం ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. పంచాయతీ నోటీసు బోర్డు, ఆలయం లేక పాఠశాల గోడ, రేషను దుకాణం తరువాతి తావులు. 1989లో ఈనాడు జిల్లా సంచికలు ప్రారంభించడం, తక్కిన పత్రికలు దాన్ని అనుసరించడంతో మండల స్థాయి విలేకరి అనే వృత్తి పుట్టింది; మండల పరిషత్తు సమావేశంలో ఎవరు ఎవర్ని నిలదీశారో మర్నాడు టీ కొట్టు దగ్గర చదువుకోవడం సాధ్యమైంది. జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయం ప్రభుత్వ ప్రకటనలను పత్రికలకు పంపుతుంది. ఇప్పుడు ఊరి వాట్సాప్ గుంపుల్లో ఇవన్నీ మరింత వేగంగా తిరుగుతున్నా, వదంతి కూడా అదే వేగంతో తిరుగుతుంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లోనే ప్రారంభించింది.

ప్రభుత్వం తనంతట చెప్పని సమాచారానికి దారి 2005 నాటి సమాచార హక్కు చట్టం. ప్రతి కార్యాలయం తన విధులు, సిబ్బంది, బడ్జెట్టు వంటి 17 అంశాలను అడగకుండానే ప్రకటించాలని అందులోని 4వ సెక్షన్ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, తరువాత సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. సిమెంటు రోడ్డు కొలతల పుస్తకం, తాగునీటి పరీక్ష ఫలితం, పన్ను వసూళ్ల పట్టిక వంటి నిర్దిష్టమైన కాగితం పేరు చెప్పి అడిగిన దరఖాస్తు పని చేస్తుంది. ‘ఊళ్లో జరిగిన అన్ని పనుల వివరాలు’ అని అడిగితే జవాబు కూడా అంతే అస్పష్టంగా వస్తుంది.

గనులపై ప్రజాభిప్రాయ సేకరణ

సున్నపురాయి నిక్షేపాలు, సిమెంటు పరిశ్రమ ఉన్న ఈ మండలంలో స్థానికులు నేరుగా మాట్లాడగల ముఖ్యమైన సందర్భం పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం పెద్ద గనికి, కర్మాగారానికి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ప్రతిపాదిత స్థలంలోనో దాని సమీపంలోనో బహిరంగ విచారణ జరపాలి. దీన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు లేదా ఆయన నియమించిన అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు, ఒక ప్రాంతీయ భాషా పత్రికతో సహా రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో తయారై, కలెక్టరేటులోను, జిల్లా పరిషత్తులోను, సంబంధిత పంచాయతీ లేదా పురపాలక కార్యాలయంలోను చూడడానికి దొరకాలి.

ఈ సభకు కోరం, అంటే కనీస హాజరు, అవసరం లేదు, ఓటింగు లేదు. పేలుళ్లకు గోడలు బీటలు వారడం, మిరప కల్లాల మీద దుమ్ము పడడం, బోర్లలో నీరు అడుగంటడం, లారీల రాకపోకలు, స్థానికులకు ఉద్యోగాలు వంటివి ఇలాంటి చోట సహజంగా ముందుకు వచ్చే విషయాలు. చెప్పిన ప్రతి అభ్యంతరాన్ని నమోదు చేసి, సభ ముగిసే ముందు స్థానిక భాషలో చదివి వినిపించి, వీడియో తీసి, అనుమతి ఇచ్చే అధికార సంస్థకు పంపాలి. పరిశ్రమ ఒక్కొక్క అభ్యంతరానికి సమాధానమివ్వాలి. హాజరైన వారి సంఖ్యతో సంబంధం లేకుండా నమోదైన మాటకే విలువ కాబట్టి, మైకు ముందు గట్టిగా అరిచిన పదిమంది కంటే సర్వే నంబరు, బోరు లోతు, ఇంటి దూరం రాసి ఇచ్చిన ఒక్కరి కాగితం తరువాత ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. వ్రాతపూర్వక అభ్యంతరాన్ని సభకు రాకుండా కూడా పంపవచ్చు.

నీరు, పంట నమోదు

నాగార్జునసాగర్ కుడి కాలువ, వాడుకలో జవహర్ కాలువ, ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టలకు ప్రాణాధారం. దాని పిల్ల కాలువల నిర్వహణలో రైతులకు చోటిచ్చినది 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం. ఆయకట్టు రైతులతో నీటి వినియోగదారుల సంఘాలు, వాటిపై పంపిణీ సంఘాలు, ప్రాజెక్టు సంఘం ఏర్పాటవుతాయి. 1997 జూన్‌లో రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలకు ఒక్కసారిగా ఎన్నికలు జరిగాయి. తరువాత చాలాకాలం వీటిని పక్కన పెట్టి, అధికారులతోనో నామినేటెడ్ వ్యక్తులతోనో నడిపి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు నిర్వహించారు. చివరి భూములకు నీరు చేరకపోవడమన్నది ఆయకట్టులో ఎప్పటి తగవే గనుక, సంఘాన్ని ప్రాదేశిక విభాగాలుగా చేసి ఎగువ రైతుకూ దిగువ రైతుకూ వేర్వేరు ప్రతినిధులుండేలా చట్టం ఏర్పాటు చేసింది. నగర పంచాయతీ హద్దు ఈ సంఘానికి వర్తించదు. దాచేపల్లి పట్టణ ఓటరైనా, ఆయకట్టులో భూమి ఉంటే, పొరుగు గ్రామపు రైతుతో సమానంగా ఓటు వేయవచ్చు.

ఇలాగే హద్దుకు అతీతంగా రైతు భరోసా కేంద్రాల్లో, 2024 తరువాత రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన వాటిలో, ఈ-పంట జాబితాలు ప్రదర్శిస్తారు. ఏ సర్వే నంబరులో ఎవరు, ఏ పంట, ఎంత విస్తీర్ణంలో వేశారో చెప్పే ఈ జాబితా పంట నష్టపరిహారానికీ, మద్దతు ధరకు పత్తి అమ్ముకోవడానికీ ఆధారం. భూమి ఒకరి పేర, సాగు మరొకరిది కావడం ఈ మెట్టలో సర్వసాధారణం గనుక, కౌలుదారు పేరు జాబితాలో లేకుంటే సామాజిక తనిఖీ గడువులోనే అభ్యంతరం రాసి ఇవ్వాలి. గడువు దాటితే ఆ సీజనుకు పంట యజమాని పేరుమీదే నిలుస్తుంది.